సీసీ చూసి క్లాసులు కట్టొద్దు: క్లబ్ బైక్ రేసుల్లో క్లాసులు విడగొట్టే పద్ధతి

క్లబ్ రేసుకి క్లాసులు విడగొట్టమంటే ఎవరైనా మొదట పట్టుకునేది సీసీనే. 400 దాకా ఒకటి, 650 దాకా ఒకటి, 1000 ఒకటి. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ 650 ట్విన్‌కి (రెండు సిలిండర్ల బండికి) వెనక చక్రం దగ్గర సుమారు 70 హార్స్‌పవర్ వస్తే, దానికంటే చిన్నదైన 600 నాలుగు సిలిండర్ల బండికి 110 వస్తుంది. ఆ రెండిటినీ ఒకే గ్రిడ్ మీద (స్టార్ట్ వరుసల్లో) నిలబెడితే 650 వాళ్లు రెండో మీట్‌కి (రేసుల రోజుకి) రారు. పెద్ద పోటీలు నడిపేవాళ్లకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ప్రపంచ సూపర్‌స్పోర్ట్‌లో ఏళ్ల తరబడి నాలుగు సిలిండర్లకి 600, మూడింటికి 675, రెండింటికి 750 సీసీ ఇచ్చింది అందుకే. 2017లో మొదలైన సూపర్‌స్పోర్ట్ 300లో అయితే సీసీని పక్కనపెట్టి, ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆర్‌పీఎం పరిమితి, ఒక్కో కనీస బరువు పెట్టి సరిచేశారు.

క్లబ్‌కి అంత తతంగం అక్కర్లేదు. రెండు అంకెలు చేతిలో ఉంటే చాలు. ఒకటి, క్లాసులో అందరికంటే వేగంగా, అందరికంటే నెమ్మదిగా తిరిగేవాళ్ల ల్యాప్ టైమ్‌ల తేడా. రెండోది, పొడవాటి స్ట్రెయిట్ (ట్రాక్ తిన్నగా సాగే భాగం) చివర వాళ్ల బండ్ల వేగంలో తేడా. మొదటిది ఎంత ఉండొచ్చో చాలా క్లబ్బులు అంచనాగా చెబుతాయి. రెండోదాన్ని కొలిచే క్లబ్బులు తక్కువ, పెద్ద దెబ్బలు తగిలేది మాత్రం అక్కడే.

ల్యాప్ టైమ్ తేడా ఎంత ఉండొచ్చు

దీనికి అంచనా అక్కర్లేదు, లెక్క ఉంది. రేసు N ల్యాపులు, ముందున్నవాడి ల్యాప్ T సెకన్లు అనుకోండి. ఆఖరివాడు ల్యాప్ తినకుండా (ముందువాడు ఒక పూర్తి చుట్టు ఎక్కువ వేసి అతన్ని దాటకుండా) బయటపడాలంటే అతని ల్యాప్ టైమ్ T × N ÷ (N−1) కంటే తక్కువ ఉండాలి. 8 ల్యాపుల రేసుకి అది 114 శాతం. 10 ల్యాపులైతే 111 శాతం. 6 ల్యాపులైతే 120 శాతం దాకా వెసులుబాటు ఉంటుంది. అంటే రేసు ఎన్ని ల్యాపులో చెప్పకుండా 'మా క్లాసులో 115 శాతం దాకా ఓకే' అనడానికి అర్థం లేదు. 100 సెకన్లు, 120 సెకన్లు తిరిగే ఇద్దరిని 10 ల్యాపుల రేసులో పెడితే, ముందువాడు తన ఆరో ల్యాప్ ముగిసేసరికి వెనకవాడిని పట్టేస్తాడు. మిగతా నాలుగు ల్యాపులూ నీలం జెండాలతోనే (వెనక వేగమైనవాడు వస్తున్నాడు, దారివ్వమని చూపేవి) సరిపోతుంది.

అంకెలు ఎక్కడ నుంచి తేవాలంటే, పోయిన మీట్ ట్రాన్స్‌పాండర్ (బండికి బిగించే, ల్యాప్ టైమ్ పట్టే పరికరం) షీట్ తీయండి. ఒక్కో రైడర్ అత్యుత్తమ మూడు ల్యాపుల్లో మధ్యది రాసుకోండి. అన్నింటికంటే వేగమైనది తీసుకోవద్దు. ఎవరి వెనకైనా గాలి చాటున పట్టిన ల్యాప్ అయి ఉండొచ్చు. వాన ల్యాపులు కొట్టేయండి. తర్వాత పేర్లని టైమ్ వరుసలో పెట్టి, ఎక్కడెక్కడ ఖాళీ పడిందో చూడండి.

ఉదాహరణకి 12 మంది ఉన్నారనుకుందాం: 98.2, 99.0, 99.7, 100.4, 101.1, 104.9, 105.6, 106.0, 107.3, 108.8, 113.5, 115.1. రౌండు అంకె కదా అని 105 దగ్గర కోస్తే, 104.9 వాడు తన జతగాళ్లకి దూరమై, తనకంటే దాదాపు నాలుగు సెకన్లు వేగమైనవాళ్ల వెనక ఒంటరిగా తిరుగుతాడు. 101.1కీ 104.9కీ మధ్య ఖాళీ ఉంది కదా, కోత 103 దగ్గర పెట్టండి. చివరి ఇద్దరూ విడిగా కనిపిస్తున్నా వాళ్లకి కొత్త క్లాసు అక్కర్లేదు. 8 ల్యాపుల రేసులో 104.9కి పరిమితి 119.9, ఇద్దరూ అందులో ఇమిడిపోతారు.

క్లాసులు పెంచుకుంటూ పోవడం అన్ని క్లబ్బులకీ ఉన్న జబ్బే. కప్పులు ఎక్కువైతే అందరూ సంతోషిస్తారు, గడియారం ఒప్పుకోదు. 105 సెకన్ల ట్రాక్‌లో 8 ల్యాపులు 14 నిమిషాలు. వార్మప్ ల్యాప్, గ్రిడ్ సర్దడం, లైట్లు, కూల్‌డౌన్, పడిపోయిన బండి తెచ్చుకోవడం అన్నీ కలిపితే ఒక్కో రేసుకి 25 నిమిషాలు. పన్నెండు రేసులంటే ఐదు గంటలు, ప్రాక్టీసూ క్వాలిఫయింగూ దీనికి బయట. సాయంత్రానికి ఆలస్యమై ఆఖరి రేసుల్ని తొందర తొందరగా, అలసిపోయిన మార్షళ్లతో (ట్రాక్ పక్కన జెండాలు చూపే సిబ్బందితో) నడపాల్సి వస్తుంది. ఎనిమిది మంది రాని క్లాసుకి విడిగా రేసు ఇవ్వొద్దు. ఇంకో క్లాసుతో కలిపి నడిపి, ఫలితాలు మాత్రం వేరుగా రాయండి.

ఒకే ల్యాప్ టైమ్, రెండు రకాల బండ్లు

1000 సీసీ మీద కొత్తవాడు 110 సెకన్లు తిరుగుతున్నాడు. 400 మీద అనుభవం ఉన్నవాడూ 110 తిరుగుతున్నాడు. షీట్ మీద ఇద్దరూ సమానమే, ఒకే క్లాసులో పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు.

స్ట్రెయిట్ చివర పెద్ద బండి 260, చిన్నది 210 కిలోమీటర్ల వేగంలో వస్తాయనుకోండి. ముందు కార్నర్‌లోకి కొత్తవాడు 100తో, 400 వాడు 110తో దిగుతారు. ఇద్దరూ ఒకేలా గట్టిగా, అంటే 1 జీ దగ్గర (సెకనుకి సుమారు 35 కిలోమీటర్ల వేగం తగ్గేలా) బ్రేక్ పట్టినా, పెద్ద బండికి 225 మీటర్లు కావాలి, చిన్నదానికి 125 సరిపోతుంది. ఇప్పుడు 225 మీటర్ల గుర్తు దగ్గర రెండూ పక్కపక్కన ఉన్నాయి. పెద్దది బ్రేక్ పట్టింది. చిన్నదాని థ్రాటిల్ ఇంకా పూర్తిగా తెరిచే ఉంది, మరో 100 మీటర్ల దాకా మూసే పనే లేదు. మొదట పెద్దది వేగం మీదుంది కాబట్టి తొమ్మిది పది మీటర్లు ముందుకు పోతుంది. 125 దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిన్నదానికంటే నెమ్మదైపోతుంది. అక్కడ నుంచి ఆ ఖాళీ తరుగుతూ తరుగుతూ, సరిగ్గా బండి వంచే చోటికి రెండూ దాదాపు ఒకే చోట ఉంటాయి. చిన్నదాని ముందు చక్రం పెద్దదాని వెనక చక్రానికి తగిలేంత దగ్గరకి, అదీ 10 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వస్తుంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. తప్పు గ్రిడ్ షీట్ రాసినవాళ్లది.

అందుకే స్ట్రెయిట్ చివర వేగం తేడా 30 కిలోమీటర్లు దాటితే, ల్యాప్ టైమ్ కలిసినా సరే, ఒకే రేసులో వద్దు అన్నది మా గీత. పొట్టి స్ట్రెయిట్ ఉన్న చిన్న ట్రాక్‌లో ఇది పెద్దగా అడ్డు రాదు. కిలోమీటరు స్ట్రెయిట్ ఉన్నచోట చాలా జతలు విడిపోతాయి.

స్పీడ్ ట్రాప్ (వేగం కొలిచే పరికరం) లేకపోయినా కొలవొచ్చు. బ్రేకింగ్ మొదలయ్యేచోటికి కాస్త ముందు, సరిగ్గా 100 మీటర్లు టేపుతో కొలిచి, రెండు చివరలా ట్రాక్‌కి ఇరువైపులా ఒక్కో కోన్ పెట్టండి, మొత్తం నాలుగు. ఫోన్‌ని స్టాండ్ మీద బిగించి, నాలుగూ ఫ్రేమ్‌లో కనబడేలా సెకనుకి 60 ఫ్రేముల వీడియో తీయండి. ముందు చక్రం ఇరుసు కోన్‌కీ కోన్‌కీ మధ్య గీతని దాటే ఫ్రేము నుంచి లెక్కపెట్టాలి. 216 కిలోమీటర్ల వేగంలో ఆ 100 మీటర్లకి 100 ఫ్రేములు పడతాయి, ఒక ఫ్రేము అటూఇటూ అయినా తప్పు 2 కిలోమీటర్లే. 30 ఫ్రేముల వీడియోతో అదే తప్పు రెట్టింపవుతుంది. ఒక్క వైపే కోన్లు పెట్టి తీస్తే, బండి ట్రాక్‌లో ఏ అంచున పోతోందన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. కోన్లు గడ్డి అంచున, మార్షల్ పోస్ట్ ఉన్నచోటే ఉండాలి. ఫోన్ పెట్టడానికి ఎవరూ గోడ దాటి పోకూడదు.

డ్రమ్ బ్రేకుల పాత బండ్లని డిస్కులవాటితో కలపకూడదన్నదీ ఈ లెక్క వల్లే. టూ స్ట్రోక్ రేసు బండ్లు బరువు తక్కువ, ఇంజన్ బ్రేకింగ్ దాదాపు ఉండదు, కార్నర్ మధ్యలో వేగం ఎక్కువ. వాటిని రోడ్డు బండ్ల నుంచి తయారుచేసిన ట్విన్లతో కలిపితే స్ట్రెయిట్‌లో ఇబ్బంది కనబడదు, కార్నర్లలో కనబడుతుంది. సైడ్‌కార్లూ పిల్లల మినీ బైకులూ ఎవరితోనూ కలవవు, చర్చే లేదు.

కలిపి నడపక తప్పనప్పుడు: రెండు అలలుగా స్టార్ట్

ఎంట్రీలు తక్కువైనప్పుడు రెండు క్లాసులు ఒకే రేసులో వెళ్తాయి. వేగమైన క్లాసే ముందు. నెమ్మదైన క్లాసుని ముందు పంపితే మొదటి ల్యాప్‌లోనే, గుంపు ఇంకా విడిపోకముందే, వెనకవాళ్లు మీద పడతారు.

ఎంత వ్యవధి ఇవ్వాలి? ఎక్కువిస్తే సురక్షితం అనిపిస్తుంది, కానీ ల్యాప్ తినే అవకాశమూ పెరుగుతుంది. రెండో అల D సెకన్లు ఆలస్యంగా బయల్దేరితే పరిమితి (N × T − D) ÷ (N−1) అవుతుంది. 8 ల్యాపులు, 100 సెకన్లు, 20 సెకన్ల వ్యవధికి 111.4 సెకన్లు. వ్యవధి లేకుంటే 114.3 ఉండేది. 30 సెకన్లకి పెంచితే 110కి దిగుతుంది. 15 నుంచి 20 సెకన్లు చాలు. మొదటి అలలో ఆఖరివాడు రెండో కార్నర్ దాటితే సరిపోతుంది.

చెడిపోయేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది, రెండో అల వాళ్లు మొదటి అల లైట్లు ఆరగానే ఆవేశంలో క్లచ్ వదిలేయడం. గ్రిడ్‌లో వరుసకీ వరుసకీ 9 మీటర్లు పెడితే, రెండు అలల మధ్య మూడు వరుసలు ఖాళీగా వదలండి. ఆ ఖాళీలో ఒక మార్షల్ ఎర్రజెండా పట్టుకుని రెండో అలకి ఎదురుగా నిలబడాలి. మొదటి అల పోయాక అతను గోడ వైపు నడిచి, పూర్తిగా గోడ వెనక్కి వెళ్లాకే రెండో లైటు. రెండోది ఇంకా ప్రమాదం: మొదటి అలలో ఒకడి ఇంజన్ ఆగిపోయి గ్రిడ్ మీదే ఉండిపోవడం. అతను కదిలేదాకా, లేదా బండిని నెట్టి తీసేదాకా రెండో అలని వదలకూడదు. 20 సెకన్లు ఎలాగూ దాటిపోతాయి కాబట్టి రేసు ఆపేసి మళ్లీ మొదలుపెట్టే అధికారం స్టార్టర్ (స్టార్ట్ ఇచ్చే అధికారి) చేతిలోనే ఉండాలి. ఫోన్ చేసి అడిగే సమయం ఉండదు.

ట్రాక్ లైసెన్సులో ఒకేసారి ఎన్ని బండ్లు తిరగొచ్చో రాసి ఉంటుంది. 30 అని ఉండి 38 మంది వస్తే, 'ఒక్కసారికి ఫర్వాలేదులే' అనకుండా రెండుగా చీల్చండి. క్వాలిఫయింగ్ టైమ్ ప్రకారం ముందు 19 మందికి ఏ, వెనక 19 మందికి బి అయితే తేడా తగ్గి రెండు రేసులూ రంజుగా ఉంటాయి. సరి, బేసి స్థానాలుగా చీల్చి ఫైనల్ పెట్టే పద్ధతి కప్పు కోసం బాగుంటుంది కానీ వెనకవాళ్లకి ఏమీ మిగలదు. గ్రిడ్ స్థానాలు మాత్రం చీటీలు తీసి ఇవ్వొద్దు. అందరికంటే నెమ్మదివాడు మొదటి వరుసలో ఉంటే ముప్పై మంది అతన్ని మొదటి కార్నర్ లోపలే దాటాలని చూస్తారు.

సమానత్వం: బరువు, పవర్, డైనో

పోటీ సమంగా ఉండాలంటే బండి బరువుకి రైడర్ బరువు కలిపి, దాన్ని వెనక చక్రం దగ్గరి హార్స్‌పవర్‌తో భాగించండి. సుమారుగా 1000 సీసీకి 1.6, 600కి 2.4, 650 ట్విన్‌కి 3.7, 400కి 5.4 కిలోలు వస్తాయి. చిన్న బండ్లకి వచ్చేకొద్దీ రైడర్ బరువే ఫలితాన్ని తేల్చేస్తుంది. 150 కిలోల, 40 హార్స్‌పవర్ బండి మీద సామగ్రితో కలిపి 60 కిలోలవాడు ఎక్కితే 5.25, 90 కిలోలవాడు ఎక్కితే 6. తేడా 14 శాతం, దాన్ని నైపుణ్యంతో పూడ్చలేం. పెద్ద బండ్లలో పవర్ ఎలాగూ టైరు పట్టు దగ్గరే ఆగిపోతుంది, అక్కడ ఈ గొడవ అవసరం లేదు.

400 క్లాసుకి హార్స్‌పవర్‌కి కనీసం 5.4 కిలోలు ఉండాలని రాశారనుకోండి. 45 హార్స్‌పవర్ బండికి 243 కిలోలు కావాలి. రైడర్‌తో కలిపి 230 ఉంటే 13 తక్కువ. 13 కిలోల ఇనుము బిగించమనడం మంచిది కాదు, బ్యాలస్ట్‌కి (అలా బిగించే అదనపు బరువుకి) 10 కిలోల గరిష్ఠం పెట్టి మిగతాది పవర్ తగ్గించుకోమనండి. అసలు ఇనుమే వద్దనుకుంటే 42.6 హార్స్‌పవర్‌కి దించుకుంటే సరి. బ్యాలస్ట్ ఇంజన్‌కి దగ్గరగా, వీలైనంత కిందగా, ఒక్కో ముక్కకి కనీసం రెండు 8 ఎంఎం స్టీలు బోల్టులు, లాక్‌వైర్ (బోల్టు ఊడకుండా కట్టే తీగ). సీటు కింద టేపు చుట్టి పెట్టింది కనబడితే అక్కడికక్కడే తీయించండి, పడినప్పుడు అది ట్రాక్ మీదికి ఎగురుతుంది.

తూకం యంత్రం పొద్దున నుంచే తెరిచి ఉంచి, ఎవరైనా ఎన్నిసార్లయినా తూచుకోవచ్చని చెప్పండి. సగం తగాదాలు దీనితోనే పోతాయి. రేసయ్యాక తూకం మాత్రం ట్రాక్ నుంచి ఎలా వచ్చిందో అలాగే. పెట్రోలు పోయకూడదు, నీళ్లు పోయకూడదు. ఒక శాతం వెసులుబాటు.

డైనో (వెనక చక్రం దగ్గర పవర్ కొలిచే యంత్రం) విషయంలో ఒక్కటే సూత్రం: సీజన్ అంతా ఒకే డైనో. రెండు కంపెనీల డైనోలు ఒకే బండికి వేరే అంకెలు చూపిస్తాయి, అంచేత 'మా మెకానిక్ దగ్గర 44 వచ్చింది' అన్న మాటకి విలువ లేదు. మూడుసార్లు లాగించి అన్నింటికంటే ఎక్కువ వచ్చినదాన్ని పరిమితితో పోల్చండి, 2 శాతం వదిలేయండి. వెనక టైరు గాలి మీరే కొలిచి సరిచేయాలి, పట్టీలు మీరే బిగించాలి. పట్టీ మరీ బిగిస్తే టైరు డ్రమ్ముకి నొక్కుకుపోయి వేడెక్కి పవర్ తక్కువ చూపిస్తుంది. ఈ కిటుకు తెలిసినవాళ్లు 'నేను కట్టుకుంటాలే అన్నా' అని ముందుకొస్తారు. ఇంకో మోసం ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో) రెండు మ్యాపులు (పవర్ సెట్టింగులు), హ్యాండిల్ మీద లైటు స్విచ్‌తో మారేవి. స్విచ్‌లన్నీ అటూఇటూ నొక్కి లాగించండి, నాలుగో గేరులో ఒకసారి, ఐదులో ఒకసారి. డైనో అంకె తక్కువగా ఉండి, స్ట్రెయిట్ వీడియోలో మాత్రం తోటివాళ్లకంటే 8, 10 కిలోమీటర్లు ఎక్కువ కనబడితే ఆ బండి ఈసీయూ తీసి, క్లబ్ దగ్గరున్నది బిగించి నడపమనండి.

రూల్ పుస్తకం రాసేటప్పుడు మొదటి వాక్యం ఇదే కావాలి: చేయొచ్చని ఇందులో రాసి లేనిది ఏదీ చేయకూడదు. 'ఇది చేయకూడదు, అది చేయకూడదు' అని జాబితా మొదలుపెడితే జాబితాలో లేనిది ఎవడో ఒకడు కనిపెడతాడు. తర్వాత ఏవి వదిలేయాలో రాయండి. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ గొట్టాలు, ఫుట్‌రెస్టులు, స్టీరింగ్ డ్యాంపర్, ఫోర్క్ లోపలి భాగాలు అందరికీ స్వేచ్ఛ, ఎందుకంటే వాటివల్ల బండి చెప్పినమాట వింటుంది. ఇంజన్ లోపలివి, చక్రాలు, ఈసీయూ కట్టడి, ఎందుకంటే డబ్బు కాలేది అక్కడ. టైరు అందరికీ ఒకే రకం, మీట్‌కి ఇన్ని అని లెక్క, క్వాలిఫయింగ్‌కి ముందు పక్కన రంగు గుర్తు.

కావాలని నెమ్మదిగా నడిపేవాళ్లు

ల్యాప్ టైమ్‌తో క్లాసులు కడితే కప్పు కోసం కింది క్లాసులో దాక్కునేవాళ్లు వస్తారు. దీనికి కొన్ని క్లబ్బులు పెట్టే మందు, పరిమితి కంటే వేగంగా తిరిగితే ఆ రేసులోనే అనర్హత. రోగం కంటే ఈ మందే చెడ్డది. రైడర్ హ్యాండిల్ మీద టైమర్ చూసుకుంటూ, ఆఖరి కార్నర్ తర్వాత గ్యాస్ వదిలేస్తాడు. వెనక ఉన్నవాడికి అది తెలియదు.

బదులుగా ఇలా రాయండి. కింది క్లాసు గీత 103 సెకన్లైతే, పొడి ట్రాక్ మీద ఒకే రేసులో రెండు ల్యాపులు 102 కంటే తక్కువ వచ్చినవాడు ఆ రేసు ఫలితం ఉంచుకుంటాడు, కప్పూ ఉంచుకుంటాడు, తర్వాతి మీట్ నుంచి పై క్లాసు. పాయింట్లు వెంట రావు. కిందికి దిగాలంటే రైడర్ అర్జీ పెట్టుకోవాలి, కమిటీ చూడాలి. గాయం నుంచి తిరిగొచ్చినవాళ్లకి తప్ప సీజన్ మధ్యలో దించొద్దు.

కొత్త రైడర్లకి మొదటి మూడు మీట్లూ నారింజ రంగు వెస్ట్, క్వాలిఫయింగ్ ఎంత బాగా వచ్చినా గ్రిడ్‌లో ఆఖరి వరుసలు. 1000 సీసీ బండితో మొదటిసారి వచ్చినవాడిని పెద్ద క్లాసులోకి నేరుగా తీసుకోవద్దు. కొత్త పెద్ద బండ్లవాళ్లు ముగ్గురు నలుగురు ఉంటే వాళ్లకి రేసు బదులు విడిగా టైమ్డ్ సెషన్ ఇవ్వండి.

స్క్రూటినీ

క్లాసు ఎంత బాగా కట్టినా ఒక్క డ్రెయిన్ బోల్టు ఊడి ఆయిల్ కారితే ఆ క్లాసు మొత్తం నేల మీదే. రేసుకి ముందు బండినీ హెల్మెట్‌నీ తనిఖీ చేసే ఈ పనికి ఒక్కో బండికి ఆరు నిమిషాలు పెట్టుకోండి. 30 బండ్లని మూడు జట్లు గంటలో పూర్తిచేస్తాయి. రెండు నిమిషాల్లో స్టిక్కర్ అతికించే స్క్రూటినీ చేయకపోవడమే నయం.

వరుస ఎప్పుడూ ఒకటే, ముందు నుంచి వెనక్కి. ముందు చక్రం పైకెత్తి ఫోర్క్ అడుగు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి, టక్‌మంటే స్టీరింగ్ బేరింగు వదులు. థ్రాటిల్ పూర్తిగా తిప్పి వదలండి, హ్యాండిల్ నిటారుగా ఒకసారి, పూర్తిగా ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి. మూడుసార్లూ టప్పున మూసుకోవాలి. మెల్లగా, ఆగి ఆగి మూసుకుంటే కేబుల్ నలిగి ఉంటుంది. లీవర్ల చివర గుండు 16 ఎంఎం ఉండాలి, విరిగినదాన్ని ఆకురాయితో గుండ్రం చేశానంటే కుదరదు. బ్రేక్ లీవర్‌కి గార్డు, కింది చైను వెనక స్ప్రాకెట్‌లోకి వెళ్లేచోట వేలు దూరకుండా రెక్క.

ఆయిల్ డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు, ఆయిల్ మూత, మూడిటికీ లాక్‌వైర్. 0.8 ఎంఎం స్టెయిన్‌లెస్ తీగ, రెండున్నర సెంటీమీటర్లకి ఆరేడు మెలికలు. తీగ ఉందా అని మాత్రమే చూసి వదిలేయొద్దు, ఏ వైపు లాగుతోందో చూడండి. బోల్టు బిగిసే వైపు లాగాలి. ఉల్టా కట్టిన తీగ ఊడిపోయే బోల్టుకి తోవ ఇచ్చినట్టే. ఫిల్టరుకి హోస్ క్లిప్ బిగించి దానికి తీగ కడతారు, అది చెల్లుతుంది.

బెల్లీ ప్యాన్ (ఇంజన్ కింద, కారినది పట్టే తొట్టి) ఇంజన్ ఆయిల్, కూలెంట్ మొత్తంలో కనీసం సగం పట్టాలి. 600లో ఆయిల్ మూడున్నర, కూలెంట్ రెండున్నర అనుకుంటే మూడు లీటర్లు. అనుమానం ఉంటే ప్యాన్ విప్పించి మూడు లీటర్ల నీళ్లు పోసి చూడండి, కారే పగుళ్లు అక్కడే బయటపడతాయి. కింది రంధ్రాలకి పొడి ట్రాక్‌లో బిరడా, వాన రేసులో తీసేయాలి. రేడియేటర్‌లో నీళ్లే ఉండాలి. రోడ్డు కూలెంట్‌లోని గ్లైకాల్ ట్రాక్ మీద పడితే నీళ్లలా ఆరిపోదు, ఊడ్చినా జారుతూనే ఉంటుంది. మూత తీసి వేలు ముంచి రుద్దండి, జిగురుగా తగిలితే పారబోసి రమ్మనండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సుమా.

హెల్మెట్ పట్టీ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించి చూడండి, తల నుంచి ఊడొస్తే సైజు తప్పు. పడిపోయిన రైడర్ హెల్మెట్ స్టిక్కర్, బండి స్టిక్కర్ రెండూ అక్కడే గీరేయాలి. మళ్లీ ట్రాక్ ఎక్కాలంటే మళ్లీ స్క్రూటినీ.

వాన, ఎర్రజెండా, ప్రొటెస్ట్

వానలో ల్యాప్ టైమ్‌ల తేడా సాగుతుంది, పొడిలో 112 శాతం ఉన్నవాడు 118 కావచ్చు. పైన చెప్పిన లెక్క ప్రకారమే 8 ల్యాపుల్ని 6 చేయండి, 120 దాకా చోటు దొరుకుతుంది. వెట్ అని ప్రకటించాక వార్మప్ ల్యాపులు రెండు. సగం మంది స్లిక్ (గాళ్లు లేని పొడి ట్రాక్ టైర్లు), సగం మంది వాన టైర్లతో గ్రిడ్ మీదికొస్తే స్టార్ట్ ఇవ్వొద్దు, పది నిమిషాలు ఆపండి.

ఎర్రజెండా పడితే ఎన్ని ల్యాపుల తర్వాత ఫలితం చెల్లుతుందో, ఏ ల్యాప్ నుంచి వెనక్కి లెక్కిస్తారో ముందే కాగితం మీద ఉండాలి. ఆ క్షణంలో కూర్చుని తేల్చిన నిర్ణయం ఎంత న్యాయమైనదైనా ఎవరో ఒకరి పక్షం అనిపిస్తుంది. అంబులెన్సు ఆసుపత్రికి కదిలితే ఇంకోటి దాని చోట నిలబడేదాకా ట్రాక్ ఖాళీగానే ఉండాలి. రోజు షెడ్యూలు ఎంత వెనకబడినా సరే.

రేసయ్యాక మొదటి మూడు బండ్లు, చీటీ తీసి ఇంకొకటి, అరగంట పార్క్ ఫెర్మేలో (ఎవరూ ముట్టుకోకుండా బండ్లు ఉంచే చోట). ఆ అరగంటే ప్రొటెస్ట్ (ఎదుటివాడి బండి మీద ఫిర్యాదు) గడువు. రుసుము తప్పకుండా పెట్టండి, ఇంజన్ విప్పించేంత. బండి తప్పని తేలితే రుసుము ఫిర్యాదుదారుడికి తిరిగిచ్చి ఖర్చు బండి యజమాని మీద వేయాలి. సరిగ్గా ఉంటే ఆ డబ్బు గ్యాస్కెట్లకీ కూలికీ యజమానికే పోవాలి. కొలత ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీసుకోండి. బోర్ సెంటీమీటర్లలో వర్గం చేసి 0.7854తో, స్ట్రోక్‌తో, సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సీసీ వస్తుంది. 68 ఎంఎం బోర్, 44.1 స్ట్రోక్, రెండు సిలిండర్లకి 320.3. విప్పడానికి ఆరోజు టైమ్ లేకపోతే హెడ్ బోల్టులకీ క్రాంక్‌కేస్ బోల్టులకీ నంబరున్న సీలు తీగ వేసి, ఫోటో తీసి, నంబరు ఇద్దరి సంతకాలతో రాసుకుని పంపండి. తర్వాతి మీట్‌కి సీలు తెగి వస్తే కొలవక్కర్లేదు, పోయిన ఫలితం రద్దు.

సీజన్ మధ్యలో పవర్, బరువు, టైరు రూల్స్ ముట్టుకోవద్దు. భద్రతకి సంబంధించినవైతే ఆ మధ్యాహ్నమే మార్చి నోటీసు బోర్డు మీద అంటించి, రైడర్ల బ్రీఫింగ్‌లో చదివి, అందరి సంతకాలు తీసుకున్నాకే తర్వాతి సెషన్ తెరవండి.